హాలోవీన్ గోల: అమెరికాలో అంతా ఒక్క రాత్రికే, యూరప్‌లో ఏ పనికి ఆ రోజు

ఏటా అక్టోబర్ ఆఖర్లో ఇదే తికమక. డాలస్‌లో ఉన్న చుట్టాలు ఇంటి ముందు 12 అడుగుల అస్థిపంజరం నిలబెట్టి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడతారు, మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తున్న కుర్రాడేమో "ఇక్కడ అంత సీనేం లేదు, పైగా రేపు షాపులన్నీ మూసేస్తారు, ఇవాళే పాలు తెచ్చుకోవాలి" అంటాడు, డబ్లిన్‌లో ఉద్యోగం చేసే ఇంకొకాయన "అసలిది ఐర్లండ్ పండగండీ, అమెరికా వాళ్లు పట్టుకెళ్లి చాక్లెట్ల వ్యాపారం చేశారు" అని ఆఫీసులో విన్న మాట చెప్తాడు. ఈలోగా ఎవరో ఒకరు ఇది దయ్యాల పూజ అని, ఇంకొకరు కాదు చర్చి పండగే అని మొదలుపెడతారు. వీళ్లలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు, చిక్కంతా అక్కడే ఉంది.

హాలోవీన్ చుట్టుపక్కల రోజుల్లో జనం చేసే పనులు చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. పోయినవాళ్లని తలుచుకోవడం ఒకటి, వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఏదో ఒకటి అడిగి తెచ్చుకోవడం రెండోది, చీకట్లో మంటలూ అల్లరీ మూడోది. యూరప్‌లో ఈ మూడూ వేర్వేరు తేదీల్లో, ఒక్కో దేశంలో ఒక్కోలా సర్దుకుపోయి ఉన్నాయి. అమెరికాలో వేషాలూ అల్లరీ కలిసి అక్టోబర్ 31 అనే ఒక్క రాత్రి మీదికి వచ్చి చేరాయి, పోయినవాళ్ల సంగతి మాత్రం దాదాపు జారిపోయింది. మిగతా తేడాలు చాలావరకు ఇక్కడ్నుంచే వస్తాయని నా లెక్క.

## ముందు ఆ మూడు తేదీలు

అక్టోబర్ 31 సాయంత్రం హాలోవీన్, అంటే మర్నాటి పండగకి ముందు సాయంత్రం. ఆ మర్నాడు నవంబర్ 1 సకల పునీతుల పండుగ, చర్చి పునీతులుగా గుర్తించినవాళ్లతో పాటు పేరు కూడా తెలియని పునీతులందరినీ కలిపి తలుచుకునే రోజు. నవంబర్ 2 సకల ఆత్మల దినం, మామూలుగా చనిపోయిన మన ఇంటివాళ్ల కోసం ప్రార్థన చేసే రోజు. మొదటిది సరదా రాత్రి, మిగతా రెండూ చర్చి రోజులు. కాథలిక్ దేశాల్లో చాలాచోట్ల నవంబర్ 1 సెలవు కాబట్టి రెండో తారీఖు చేయాల్సిన సమాధుల పని కూడా ఒకటో తారీఖే కానిచ్చేస్తారు.

ఈ సమాధుల పని తెలుగువాళ్లకి కొత్తేం కాదు. మన కాథలిక్కులు నవంబర్ 2న సమాధుల పండుగ చేస్తారు కదా, ముందే వెళ్లి సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం వేయించి, ఆ సాయంత్రం పూలు పరిచి కొవ్వొత్తులూ అగరొత్తులూ వెలిగించి, ఫాదర్ గారొచ్చి ప్రార్థన చేసి తీర్థం చల్లేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే ఉంటారు (కొన్ని సంఘాలవాళ్లు ఇదే పని ఈస్టర్ తెల్లవారుజామున చేస్తారు). పోలండ్‌లో, ఫ్రాన్స్‌లో, ఇటలీలో జరిగేది కూడా అచ్చం ఇదే. అంటే హాలోవీన్ కుటుంబంలో యూరప్ వైపు సగం మిషనరీలతో పాటు మనకి ఎప్పుడో వచ్చేసింది. హైదరాబాద్ పబ్బుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఈమధ్య కనిపిస్తున్నది అమెరికా వైపు సగం. ఒకే ఊళ్లో రెండు రోజుల తేడాతో రెండూ జరుగుతుంటాయి, కానీ ఈ రెండిటికీ బంధుత్వం ఉందని చాలామందికి తట్టదు.

## పుట్టుక గురించి గొడవ: సావిన్‌దా, చర్చిదా

ఎక్కువగా వినిపించే కథ ఇది. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో గేలిక్ భాష మాట్లాడే జనానికి సావిన్ అనే పండగ ఉండేది, వేసవి పోయి చలికాలం మొదలయ్యే రోజు, మేతకి వెళ్లిన పశువులు ఇంటికొచ్చే రోజు. ఆ రాత్రి మన లోకానికీ అవతలి లోకానికీ మధ్య తెర పల్చబడుతుంది, చచ్చినవాళ్లు తిరుగుతారు, వాళ్లు గుర్తుపట్టకుండా మనుషులు వేషాలేసుకుంటారు. తర్వాత చర్చి వచ్చి ఆ పండగ మీద తన పండగ పెట్టేసింది. వినడానికి బానే ఉంటుంది, సగం వరకు నిజమే కూడా.

సావిన్ ఉందనడంలో అనుమానం లేదు. మధ్యయుగపు ఐరిష్ కథల్లో ఆ రోజు రాజుల సభలు, విందులు జరుగుతాయి, అవతలి లోకపు జాతి ఉండే గుట్టలు తెరుచుకుంటాయి. కానీ అది చచ్చినవాళ్ల పండగ అనడానికి ఆ పాత కథల్లో ఆధారం చాలా పల్చగా ఉందని బ్రిటిష్ చరిత్రకారుడు రోనాల్డ్ హట్టన్ లాంటివాళ్లు అంటారు. సావిన్ అంటే కెల్టుల (గేలిక్ వాళ్లలాంటి పాత జాతుల) కొత్త సంవత్సరం అనే మాట కూడా ప్రాచీనమైంది కాదు, 19వ శతాబ్దం చివర్లో జాన్ రీస్ అనే వెల్ష్ పండితుడు ఊహించి చెప్పింది, అదిప్పుడు పాఠ్యపుస్తకం వాక్యంలా తిరుగుతోంది.

మరి చర్చి కావాలనే ఆ తేదీ మీద కూర్చుందా? ఇక్కడ తేదీలు కొంచెం ఓపిగ్గా చూడాలి. రోమ్‌లో అమరవీరులందరి పండగ మొదట్లో మే 13న ఉండేది, 609 ప్రాంతంలో పాంథియన్ గుడిని చర్చిగా మార్చినప్పటి నుంచి. 8వ శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ సెయింట్ పీటర్స్‌లో పునీతులందరి పేరిట ఒక చిన్న ప్రార్థనాలయం కట్టించాడు. 835లో పోప్ నాలుగో గ్రెగరీ చెప్పగా ఫ్రాంక్ చక్రవర్తి లూయీ తన రాజ్యమంతా నవంబర్ 1 ఖాయం చేశాడు. ఆత్మల దినం ఇంకా తర్వాత, 10వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఓడిలో మొదలుపెట్టింది. తమాషా ఏంటంటే తొలినాళ్ల ఐరిష్ చర్చి పునీతుల పండగని ఏప్రిల్ 20న చేసుకునేది. సావిన్‌ని మింగేయడానికే నవంబర్ 1 పెట్టారంటే, సావిన్ ఉన్న ఐర్లండ్ ఏప్రిల్‌లో చేసుకోవడమేంటి అన్నది హట్టన్ వర్గం ప్రశ్న. దానికి ఎదురుగా, తేదీ ఎలా వచ్చినా ఐర్లండ్‌లో రెండూ ఒకే రోజుకి చేరాక జనం రెండిటినీ కలిపేసుకున్నారు, జానపదుల ఆచారం రాతప్రతుల్లో లేనంత మాత్రాన లేనట్టు కాదు అని ఫోక్‌లోర్ వాళ్ల వాదన. నాకైతే రెండోవాళ్ల మాటలో కూడా బలం ఉందనిపిస్తుంది, కాకపోతే "రెండు వేల ఏళ్ల దయ్యాల పండగ" అని ఢంకా బజాయించి చెప్పేవాళ్లని మాత్రం నమ్మక్కర్లేదు.

## ఐర్లండ్, స్కాట్లండ్: గుమ్మడికాయ లేని హాలోవీన్

ఇవాళ అమెరికన్ హాలోవీన్ అనుకుంటున్న దాంట్లో ముఖ్యమైన ముక్కలన్నీ ఇక్కడివే, కాకపోతే రూపం వేరు.

కళ్లూ నోరూ చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టే లాంతరు తీసుకోండి. ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో చెక్కింది గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. గట్టిగా రాయిలా ఉంటుంది, లోపలి గుజ్జు స్పూనుతో తీయాలంటే చేతులు పడిపోతాయి, కొవ్వొత్తి పెడితే కాలిన దుంప వాసన ఇల్లంతా కొడుతుంది. డొనెగాల్ నుంచి వచ్చిన అలాంటి పాత లాంతరు అచ్చు ఒకటి మేయో కౌంటీలో నేషనల్ మ్యూజియం వాళ్ల కంట్రీ లైఫ్ విభాగంలో ఉంది, ముడతలు పడ్డ మొహం, నాలుగు పళ్లు, లోపలికి పోయిన కళ్లు. అది చూశాక అమెరికా గుమ్మడికాయ నవ్వుమొహం చంటిబిడ్డలా కనిపిస్తుంది.

తిండి సంగతికొస్తే బార్మ్‌బ్రాక్ అని ఎండుద్రాక్ష వేసిన బ్రెడ్డు ఉంటుంది. దాంట్లో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక, పుల్ల, బఠాణీ గింజ దాచేవాళ్లు. ముక్కలు కోశాక ఉంగరం ఎవరికొస్తే ఏడాదిలో వాళ్ల పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపీలిక వస్తే దరిద్రం, పుల్ల వస్తే మొగుడూ పెళ్లాల మధ్య గొడవలు, బఠాణీ వస్తే ఆ ఏడు పెళ్లి లేనట్టే. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో అమ్మేదాంట్లో ఉంగరం ఒక్కటే వేస్తున్నారు, ఎవరూ మింగకుండా కాగితంలో చుట్టి. ఇంత పెళ్లి గోల ఎందుకంటే, పాత హాలోవీన్‌లో దయ్యాల భయం ఎంతుందో జాతకం చూసుకునే సరదా కూడా అంతే ఉండేది. రాబర్ట్ బర్న్స్ 1785లో హాలోవీన్ మీద రాసిన పెద్ద కవితలో చాలాభాగం స్కాట్లండ్ పల్లెటూరి కుర్రకారు ఎవరికి ఎవరు రాసిపెట్టి ఉన్నారో తెలుసుకోడానికి పడే పాట్లే.

ఇంక గైజింగ్. పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరగడం, కానీ ఊరికే చెయ్యి చాపితే కుదరదు, పాట పాడాలి, పద్యం చెప్పాలి, కనీసం ఒక జోకన్నా వేయాలి, అప్పుడే పళ్లో వేరుశనక్కాయలో చిల్లరో పెడతారు. మన పగటి వేషాల వాళ్లు ఆడి చూపించి బియ్యం పుచ్చుకున్నట్టు, ఇది కళకి ఇచ్చే బహుమానమే తప్ప బెదిరించి తీసుకునేది కాదు. స్కాట్లండ్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది, అక్కడి పెద్దవాళ్లలో "ట్రిక్ ఆర్ ట్రీట్" (పెడతావా, అల్లరి చేయమంటావా) అన్న అమెరికా మాట వింటే మొహం చిట్లించేవాళ్లు బోలెడుమంది.

## అమెరికా చేతిలో పడ్డాక ఏం మారింది

మొదట వెళ్లిన ప్యూరిటన్లకి (ఇంగ్లండ్ నుంచి వచ్చిన కరడుగట్టిన ప్రొటెస్టెంట్లకి) పునీతుల పండగంటేనే పడదు కాబట్టి న్యూ ఇంగ్లండ్‌లో హాలోవీన్ లేదు. 1845 నుంచి 1852 దాకా ఐర్లండ్‌లో బంగాళాదుంప తెగులుతో వచ్చిన కరువుకి సుమారు 10 లక్షల మంది చనిపోయి, అంతకంటే ఎక్కువమంది ఊళ్లొదిలి పోయారు, వాళ్లలో చాలామంది అమెరికా చేరారు. పండగ వాళ్లతోనూ స్కాటిష్ వాళ్లతోనూ వెళ్లింది. అక్కడ టర్నిప్‌తో కుస్తీ పట్టాల్సిన పని లేకుండా పెద్దగా, మెత్తగా, లోపల సగం డొల్లగా ఉండే గుమ్మడికాయ పొలాల నిండా దొరికింది.

ఇక్కడ్నుంచి అసలు మలుపు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో హాలోవీన్ అంటే ప్రధానంగా కుర్రాళ్ల అల్లరి. గేట్లు పీకి చెట్లకి వేలాడదీయడం, పెరటి మరుగుదొడ్లు పడగొట్టడం, వీధిదీపాలు పగలగొట్టడం. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చాక ఇది అల్లరి దాటి విధ్వంసం అయ్యింది, కొన్ని ఊళ్లలో పండగే రద్దు చేద్దామా అనే దాకా వెళ్లింది. ఊరి పెద్దలు దీనికి కనిపెట్టిన మందు ఏంటంటే కుర్రాళ్లకి వేరే పని పెట్టడం. మిన్నెసోటాలోని అనోకా అనే ఊరు 1920లోనే పెద్ద ఊరేగింపు మొదలుపెట్టింది, ఇప్పటికీ ప్రపంచ హాలోవీన్ రాజధాని తనదేనని చెప్పుకుంటుంది. మిగతాచోట్ల ఇళ్లవాళ్లే తినడానికి పెట్టి పంపడం మొదలైంది. "ట్రిక్ ఆర్ ట్రీట్" మాట అచ్చులో కనిపించిన తొలి సందర్భాల్లో ఒకటి 1927లో కెనడా అల్బర్టాలోని బ్లాకీ అనే చిన్న ఊరి వార్త. పెడతావా, అల్లరి చేయమంటావా అన్న ఆ బేరం నిజంగా బేరమే, గైజింగ్‌లో ఉన్న ఆటాపాటా ఇందులోంచి పోయి అల్లరి ఆపడానికి ఇచ్చే ముడుపు వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలో చక్కెర రేషను వల్ల ఇది కొంచెం ఆగింది, 1947లో రేషను ఎత్తేశాక కొత్తగా లేచిన సబర్బ్ కాలనీల్లో ఒక్కసారిగా పుంజుకుంది. వరసగా ఒకేలాంటి ఇళ్లు, పిల్లలున్న కుర్ర జంటలు, నడిచి తిరగడానికి అనువైన వీధులు. మొదట్లో యాపిల్స్, ఇంట్లో చేసిన పాప్‌కార్న్ ఉండలు, చిల్లర పైసలు పెట్టేవాళ్లు, 1970లు వచ్చేసరికి కంపెనీ ప్యాకింగ్ ఉన్న చిన్న చాక్లెట్లే మిగిలాయి. అమెరికా రిటైల్ ఫెడరేషన్ 2023లో వేసిన అంచనా ప్రకారం ఆ ఒక్క హాలోవీన్ ఖర్చు 12.2 బిలియన్ డాలర్లు.

మరి పోయినవాళ్ల సంగతి? అమెరికన్లు సమాధుల మీద పూలు పెట్టరని కాదు, దానికి వాళ్లకి వేరే రోజుంది, అంతర్యుద్ధం తర్వాత 1868లో సైనికుల సమాధులు అలంకరించడానికి మొదలైన రోజు, అదే ఇప్పటి మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. న్యూ ఓర్లీన్స్ లాంటి కాథలిక్ ఊళ్లు మాత్రం మినహాయింపు, అక్కడ నవంబర్ 1కి సమాధులకి సున్నం వేసే ఆచారం పాతదే.

## అదే సాయంత్రం, నాలుగు ఊళ్లు

అక్టోబర్ 31 సాయంత్రం ఐదున్నర అనుకుందాం, ఏ ఊరి టైము ఆ ఊరిదే.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంకా వెలుతురు ఉంది, సూర్యుడు దిగడానికి మరో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. బుల్లి స్పైడర్‌మేన్, ఫ్రోజెన్ సినిమాలో ఎల్సా, ఎవరో ఒక పిజ్జాముక్క వేషం వేసిన బుడ్డోడు, వాళ్ల వెనక కాఫీ కప్పులతో అమ్మానాన్నలు. వరండా లైటు వెలుగుతుంటే ఆ ఇంటికి వెళ్లొచ్చు, ఆరిపోయి ఉంటే వాళ్లు పండగలో లేరని లెక్క. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. పెద్ద చాక్లెట్ బార్ ఇచ్చే ఇల్లేదో వీధిలో పిల్లలందరికీ నోటికొచ్చు.

స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో అప్పటికే సూర్యుడు దిగి దాదాపు గంటయ్యింది. ఎక్కువగా మంత్రగత్తెలు, దయ్యాలు, పిశాచాలు. తలుపు తీసిన పెద్దావిడ "ఏం చేసి చూపిస్తారు?" అంటుంది, పిల్లాడు కాళ్లు మెలికేసుకుని పోయినేడు చెప్పిన జోకే మళ్లీ చెప్తాడు, ఆవిడ మొదటిసారి విన్నట్టు నవ్వి సంచిలో వేస్తుంది.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పిల్లలు కొందరు తిరుగుతుంటారు, కొన్ని అపార్టుమెంట్లలో బెల్లు కొడితే తలుపు తీస్తారు, కొన్నిట్లో తీయరు, తీసిన పెద్దాయనకి వీళ్లేం అడుగుతున్నారో కూడా అర్థం కాకపోవచ్చు. పెద్దవాళ్లు రాత్రికి పార్టీకెళ్తారు. కాకపోతే ఆ ఊరున్న బవేరియా రాష్ట్రంలో నవంబర్ 1 "మౌన దినం", తెల్లవారుజామున 2 గంటల నుంచి పబ్లిక్ డ్యాన్సులు నిషేధం, డీజే గారు ఆ టైముకి సర్దేసుకోవాల్సిందే.

పోలండ్‌లోని క్రాకోలో ఆ సాయంత్రం జనం వేషాల గొడవలో లేరు. మర్నాటి కోసం చామంతి కుండీలు, గాజు దీపాలు కొంటున్నారు, గాలికి ఆరిపోకుండా మూత ఉంటుంది వాటికి. మర్నాడు దేశమంతా సొంతూళ్ల శ్మశానాలకి బయల్దేరుతుంది, ట్రాఫిక్ ఎంతుంటుందంటే పోలిష్ పోలీసులు దానికోసం ఏటా ఒక ప్రత్యేక ఆపరేషనే నడుపుతారు, దాని పేరు కూడా ఆ దీపాల పేరే. రాత్రికి రాకోవిట్స్కీ శ్మశానం మొత్తం దీపాలతో ఎర్రగా వెలుగుతుంటుంది.

వెలుతురు తేడాకి ఒక మామూలు కారణం కూడా ఉంది. యూరప్‌లో గడియారాలు అక్టోబర్ ఆఖరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు, కాబట్టి హాలోవీన్ నాటికి తొందరగా చీకటి. అమెరికాలో 2007 నుంచి ఆ మార్పు నవంబర్ మొదటి ఆదివారానికి జరిగింది, కాబట్టి హాలోవీన్ సాయంత్రానికి ఒక గంట వెలుతురు ఎక్కువ దొరుకుతుంది. నాలుగేళ్ల పిల్లల్ని కూడా బయటికి తీసుకెళ్లగలగడానికి అదో కారణం.

## యూరప్‌లో ఆ పనులకి వేరే రోజులున్నాయి

అమెరికావాళ్లు హాలోవీన్‌కి చేసేవన్నీ యూరప్‌లో కూడా జరుగుతాయి, అదే రోజు కాదంతే.

మంటలూ అల్లరీ ఇంగ్లండ్‌లో నవంబర్ 5న. 1605లో పార్లమెంటు పేల్చేయబోయి దొరికిపోయిన గై ఫాక్స్ పేరున మంటలు, టపాకాయలు. ఒకప్పుడు పిల్లలు గడ్డిబొమ్మ చేసి వీధిలో పెట్టుకుని "దీనికో పెన్నీ ఇవ్వండి" అని అడిగేవాళ్లు. ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్‌లో ఆత్మల కోసం ప్రార్థన అనేదే పక్కకి పోయాక శరత్కాలపు మంటల చోటు ఈ పండగ తీసుకుంది. అందుకే ఇంగ్లండ్‌లో 1980ల వరకు హాలోవీన్ చిన్న పండగే, ఇప్పుడది పెరిగి గై ఫాక్స్ బొమ్మలు కనపడకుండా పోయాయి.

పిల్లల లాంతర్లు జర్మనీలో, నెదర్లాండ్స్ ఉత్తరాన నవంబర్ 11, సెయింట్ మార్టిన్ రోజున. కాగితం లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ ఊరేగింపు. ఇష్టమొచ్చిన వేషం వేయడానికి జర్మన్లకి ఫిబ్రవరి కార్నివాల్ ఉంది, పైలట్, తేనెటీగ, కౌబాయ్ ఏదైనా సరే. అందుకే యూరప్‌లో హాలోవీన్ వేషమంటే భయపెట్టేదే అయ్యుండాలి అన్న భావన ఎక్కువ, సరదా వేషాలకి వేరే సీజను ఉండనే ఉంది. అమెరికాలో న్యూ ఓర్లీన్స్ తప్ప చాలాచోట్ల కార్నివాల్ లేదు కాబట్టి పిజ్జాముక్క కూడా హాలోవీన్‌కే రావాలి.

స్వీడన్ ఇంకా విచిత్రం. అక్కడ పిల్లలు మంత్రగత్తెల వేషం కట్టి, బుగ్గలకి ఎర్రరంగు పూసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది ఈస్టర్‌కి, తాము గీసిన బొమ్మ ఇచ్చి మిఠాయి పుచ్చుకుంటారు. పునీతుల పండగేమో అక్టోబర్ 31కీ నవంబర్ 6కీ మధ్య వచ్చే శనివారం, మంచులో సమాధుల మీద దీపాలు, నిశ్శబ్దం.

పోర్చుగల్‌లో నవంబర్ 1 పొద్దున్నే పిల్లలు గుడ్డసంచులు పట్టుకుని "దేవుడి పేరున రొట్టె" అడుగుతూ తిరుగుతారు, వాల్‌నట్లు, చెస్ట్‌నట్లు, చిన్న బ్రెడ్డు ముక్కలు పెడతారు. లిస్బన్‌ని నేలమట్టం చేసిన 1755 భూకంపం సరిగ్గా నవంబర్ 1నే వచ్చింది, ఆ తర్వాత ఆకలితో జనం ఇల్లిల్లూ అడుక్కోవడంతో ఈ ఆచారం బలపడిందని చెప్తారు, ఆచారం మాత్రం అంతకంటే పాతది. సార్డినియాలో కూడా పిల్లలు ఆత్మల పేరు చెప్పి ఇల్లిల్లూ అడుగుతారు. ఇవి చూసి కొందరు "హాలోవీన్ కాపీ" అంటారు కానీ హాలీవుడ్ పుట్టకముందు నుంచీ ఉన్నవే.

నాకు అన్నిట్లోకీ నచ్చేది సిసిలీ. అక్కడ నవంబర్ 1 రాత్రి పోయిన తాతలూ నానమ్మలూ వచ్చి పిల్లల కోసం బొమ్మలూ మిఠాయిలూ ఇంట్లో దాచి వెళ్తారని నమ్మకం, పొద్దున్నే లేచి వెతుక్కోవాలి. చక్కెరతో చేసిన రంగురంగుల బొమ్మలు, బాదం పిండితో అచ్చం నిజం పళ్లలా చేసిన మార్తొరానా. ఆ రాత్రి తురుముపీట మాత్రం దాచేస్తారు, ఎందుకంటే అల్లరి పిల్లల పాదాలు పోయినవాళ్లు దాంతో గీకుతారట. భయం, ప్రేమ, తీపి అన్నీ ఒకేచోట. తర్వాత అదే తాతగారి సమాధి దగ్గరికి పూలతో వెళ్తారు.

## 1990లలో అమెరికా వెర్షన్ తిరిగొచ్చింది, కొట్లాట మొదలైంది

ఐర్లండ్ నుంచి వెళ్లిన పండగ సినిమాలు, టీవీ, కాస్ట్యూమ్ కంపెనీల మీదుగా మళ్లీ యూరప్‌లోకి దిగింది. జర్మనీలో ఇది ఎలా జరిగిందో చూస్తే వ్యాపారం పాత్ర స్పష్టంగా తెలుస్తుంది. 1991లో గల్ఫ్ యుద్ధం వల్ల కార్నివాల్ ఊరేగింపులు రద్దయ్యాయి, వేషాలు తయారుచేసే కంపెనీలు గట్టిగా దెబ్బతిన్నాయి, ఏడాదికి ఒకే సీజను మీద ఆధారపడితే ప్రమాదమని తెలిసొచ్చి ఆ పరిశ్రమవాళ్లు 1994 నుంచి హాలోవీన్‌ని పనిగట్టుకుని ప్రచారం చేశారు. అంతకుముందే 1970లలో డార్మ్‌స్టాట్ దగ్గర ఫ్రాంకెన్‌స్టైన్ కోటలో అమెరికన్ సైనికులు మొదలుపెట్టిన హాలోవీన్ వేడుక ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి అంతా కంపెనీల పుణ్యమే అనలేం.

అక్కడ ప్రొటెస్టెంట్ చర్చి అభ్యంతరం వేరే కోణంలో ఉంటుంది. అక్టోబర్ 31 వాళ్లకి సంస్కరణ దినం, 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 95 వాదాలు బయటపెట్టిన రోజు. తమ పెద్ద రోజు మీద గుమ్మడికాయ వచ్చి కూర్చుందని బాధ. అందుకే కొన్ని చర్చిలు లూథర్ బొమ్మతో మిఠాయిలు పంచడం మొదలుపెట్టాయి, కొట్లాడే బదులు పోటీకి దిగడం అన్నమాట. ఫ్రాన్స్‌లో 1990ల చివర్లో హాలోవీన్ ఒక్కసారి ఊపందుకుని, 2000ల్లో అంతే వేగంగా చప్పబడింది. అక్కడ నవంబర్ 1 చామంతులతో సమాధుల దగ్గరికెళ్లే రోజు (ఫ్రాన్స్‌లో ఎవరింటికైనా భోజనానికెళ్తూ చామంతి కుండీ తీసుకెళ్లకండి బాబూ), ముందురోజు పుర్రెలు చూపించి నవ్వడం చాలామందికి రుచించలేదు. 2002లో పారిస్ కాథలిక్ డయోసిస్ "హోలీవిన్స్" అని ఎదురు పండగ పెట్టింది, పిల్లలు దయ్యాలుగా కాకుండా పునీతుల వేషాల్లో వస్తారు.

ఇది అమెరికా సాంస్కృతిక దాడి అనేవాళ్ల మాటలో నిజం ఉంది, వచ్చింది రెడీమేడ్ ప్లాస్టిక్ వేషాలతోనే. కానీ పిల్లలు, కుర్రకారు దాన్ని ఇష్టపడకపోతే కంపెనీలు ఎంత మొత్తుకున్నా నిలిచేది కాదు, ఫ్రాన్స్‌లో మొదటి ఊపు చప్పబడ్డట్టే. ఐర్లండ్ పరిస్థితి ఇంకో రకం, దాడి అనలేరు, ఎందుకంటే పండగ వాళ్లదే. అందుకని వాళ్లు దాన్ని తిరిగి తమ పేరున రాయించుకునే పనిలో ఉన్నారు. డెర్రీలో 1980ల నుంచి పెద్ద వేడుక జరుగుతోంది, మీథ్ కౌంటీలో 2019లో పూకా ఫెస్టివల్ అని ఇది సావిన్ పండగేనని చెప్పి మొదలుపెట్టారు.

## భయాల్లో కూడా తేడానే

అమెరికా తల్లిదండ్రుల భయం ఎవరో ఒకరు చాక్లెట్లో విషమో బ్లేడో పెడతారని. డెలావేర్ యూనివర్సిటీ సామాజికవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వరసపెట్టి చూసి, ముక్కూమొహం తెలియనివాళ్లు పంచిన మిఠాయి వల్ల పిల్లలు చనిపోయారనడానికి రుజువైన కేసు ఒక్కటీ దొరకలేదన్నాడు. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లాడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజం, కానీ అది చేసింది సొంత తండ్రి, ఇన్సూరెన్స్ డబ్బు కోసం. ఆ భయం మాత్రం పోలేదు, ఇల్లిల్లూ తిరగడం మానేసి చర్చి, స్కూలు పార్కింగ్‌లో కార్ల డిక్కీలు అలంకరించి అక్కడే మిఠాయి పంచడం చాలా ఊళ్లలో అలవాటైంది.

యూరప్‌లో చాక్లెట్లలో విషముందేమో అని పెద్దగా ఎవరూ వెతకరు. జర్మనీలో గోడల మీద గుడ్లు, డబ్లిన్‌లో కుర్రాళ్లు వారాల ముందు నుంచి పోగేసిన చెక్కలతో, టైర్లతో పెట్టే మంటలు, అదీ అక్కడి తలనొప్పి. ఐర్లండ్‌లో మామూలు జనం టపాకాయలు కాల్చడం చట్టవిరుద్ధమైనా ఆ రాత్రి మోత ఆగదు.

## మనవాళ్లు ఎక్కడుంటే అక్కడి లెక్క

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. అమెరికాలో మన కుటుంబాలకి అదేం ఇబ్బందిగా అనిపించలేదు, ఒకే గుమ్మంలో ప్రమిదలూ గుమ్మడికాయా పక్కపక్కనే, లంగాఓణీ మార్చుకుని ఎల్సా. రెండిటికీ తలుపు దగ్గర దీపం, వచ్చినవాళ్లకి తీపి ఉన్నాయి కాబట్టి పెద్దగా గుద్దుకోలేదు. హాలోవీన్‌లో సమాధుల ముక్క కూడా మిగిలి ఉండుంటే ఇంత సులువుగా కలిసేవి కావేమో.

జర్మనీలో ఉన్నవాళ్లకి మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే ముఖ్యం. డ్రెస్డెన్‌లో అక్టోబర్ 31 సంస్కరణ దినం సెలవు, మర్నాడు ఆఫీసు. మ్యూనిక్‌లో 31న ఆఫీసు, నవంబర్ 1 సెలవు, షాపులు బంద్. హాంబర్గ్‌లో 2018 నుంచి 31 సెలవు. బెర్లిన్‌లో రెండూ లేవు, రాత్రి పార్టీకెళ్లినా పొద్దున్న స్టాండప్ మీటింగ్‌కి లాగిన్ అవ్వాల్సిందే.